గంజి పెట్టిన ప్రాంగణం

సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు నేను చేయవలసిన పనులు ఇవీ:

బంగాళాదుంపలు తొక్క తీసి, రుబ్బి, వడగట్టి, ఆ రసంలోంచి ఎంజైమ్ తీయాలి.
తెప్పించిన పాలిమర్ సీసాను పార్సిల్ ఆఫీసు నుంచి తెచ్చుకోవాలి.
ఆ రెండింటితో చివరి ప్రయోగం చేసి, చివరి అధ్యాయం రాయాలి.
లైబ్రరీ నుంచీ, హాస్టల్ నుంచీ, నేను ఎన్నడూ అడుగు పెట్టని వ్యాయామ విద్యా విభాగం నుంచీ నా దగ్గర వాళ్ళ వస్తువులేవీ లేవని పత్రాలు తేవాలి.
మేడం చేత సంతకం పెట్టించాలి.
ఇదంతా మేడం రిటైరయ్యే లోపల జరగాలి.
విశ్వవిద్యాలయంలో ఎక్కడా ప్లాస్టిక్ లేదని నమ్మాలి.

చివరిది మొదట నేను రాసుకున్న వాటిలో లేదు. తర్వాత ఉత్తర్వు ద్వారా చేరింది.

మేడం అంటే ప్రొఫెసర్ వకుళాదేవి గారు, రసాయన శాస్త్రంలో నా గైడు. ఆ నెలాఖరుకు ఆమె పదవీ విరమణ. మా విశ్వవిద్యాలయంలో ఒక నియమం ఉంది. గైడు రిటైరయ్యేనాటికి గ్రంథం సమర్పించకపోతే, విద్యార్థిని శాఖలో మిగిలిన మరో గైడుకు అప్పగిస్తారు, పరిశోధన విషయం కూడా ఆయనదే తీసుకోవాలి. మా శాఖలో మిగిలిన ఏకైక గైడు సబ్బుల మీద పరిశోధన చేస్తారు. అంటే నేను నా పని మొత్తం అటక మీద పెట్టి, సబ్బు దగ్గర మళ్ళీ మొదలుపెట్టాలి.

మా ఇంట్లో డిగ్రీ దాటిన మనిషిని నేనొక్కదాన్నే. జమ్మలమడుగు దగ్గర మాది మగ్గాల ఇల్లు. నా పేరు చౌడేశ్వరి. ఫోన్ చేసినప్పుడల్లా మా అమ్మ ఒకటే అడిగేది: "ఎప్పుడైపోతాదే నీ చదువు? ఇంకా ఎంత నేయాల?" నేను "ఈ నెలాఖరుకి మ్మా" అనేదాన్ని. ఆ మాట ఈసారి నిజంగానే అన్నాను.

నా పని ఏమిటో చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగినదానికి అర్థం ఉండదు. చెప్పినా పెద్దగా ఉండదనుకోండి. బంగాళాదుంపలో ఒక ఎంజైమ్ ఉంటుంది. అది చక్కెర అణువులను ఒకదాని వెనక ఒకటి పూసల్లా గుచ్చి, పిండి పదార్థపు గొలుసు పెంచుతుంది. ఆ నీళ్ళలో ముందే ఒక పాలిమర్ పోగు ఉంచామనుకోండి, పెరుగుతున్న గొలుసు ఆ పోగు చుట్టూ మెలికలు తిరుగుతూ దాన్ని తన లోపల దాచుకుంటుంది. మేడం కొత్త విద్యార్థులకు చెప్పేటప్పుడు బీరతీగ బొమ్మ వేసేవారు. "తీగ పెరుగుతా పెరుగుతా పందిరిని చుట్టుకుంటాది. బాగా పెరిగిన తీగను తెచ్చి నువ్వు చుట్టబోతే పుటుక్కుమంటాది. పెరగడంలోనే ఉంది అంతా." ఇంతే నా పరిశోధన.

ఆ ఎండాకాలమే మా విశ్వవిద్యాలయానికి హరిత ప్రాంగణం ర్యాంకు మీద మనసు పడింది. హరిత ప్రాంగణ మదింపు మండలి వారు నెలాఖరుకు ముందే తనిఖీకి వస్తున్నారని తెలిసింది. వెంటనే 'సంపూర్ణ ప్లాస్టిక్ నిషేధం' అమల్లోకి వచ్చింది. ఆ ఉత్తర్వును ప్లాస్టిక్ ఫ్లెక్సీ మీద ముద్రించి గేటు దగ్గర కట్టారు. మధ్యాహ్నానికి ఎవరో గమనించి, ఫ్లెక్సీని తిప్పి కట్టించారు.

గేటు దగ్గర హుసేనప్ప అనే సెక్యూరిటీ ఆయన ఉంటాడు. నాకు చేరినప్పటి నుంచి తెలిసినవాడు. పార్సిల్ పట్టుకుని లోపలికి వస్తుంటే ఆపాడు.

"ఏంది మ్మా అది?"

"సీసా అన్నా. గాజుది."

"గాజేలే. లోపల ఏముండాది?"

అబద్ధం చెప్పడం అలవాటు లేదు. "పాలిమర్" అన్నాను.

హుసేనప్ప జేబులోంచి కాగితం తీసి, వేలు పెట్టుకుంటూ చదివాడు. కవర్లు, కప్పులు, స్ట్రాలు, దువ్వెనలు. వేలు అడుక్కు వెళ్ళి ఆగింది. "ఇదో, సూడు. 'ఇతర పాలిమర్లు'. ఉండాది."

"అన్నా, ఇది కవరు కాదు, కప్పు కాదు. ఇంత మైనం ముద్ద. ఇది లేకపోతే నా చదువు ఆగిపోతుంది."

"నిన్న లా కాలేజీ సారు చొక్కా గుండీలు పీకిచ్చినా. ఆయప్ప చొక్కా ఇట్ల చేత్తో పట్టుకోని క్లాసుకు పాయ. ఆయప్పనే ఇడ్సల్యా, నిన్ను ఇడ్స్తే నన్ను ఉంచుతారా మ్మా?"

స్వాధీనం చేసుకున్నవన్నీ ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో వేస్తున్నారు. ఆ డ్రమ్మును కూడా స్వాధీనం చేసుకోవాలని అప్పటికే ఉత్తర్వు వచ్చింది. దాన్ని దేంట్లో వేయాలో ఉత్తర్వులో లేదు. అందుకని హుసేనప్ప డ్రమ్ము మీద సుద్దముక్కతో 'స్వాధీనం' అని రాసి, అక్కడే ఉంచాడు. నా సీసా అందులోకి వెళ్ళింది, దువ్వెనల మీద మెల్లగా, పగలకుండా. అంతవరకు హుసేనప్ప మంచివాడే.

మేడం నన్ను వెంటబెట్టుకుని రిజిస్ట్రార్ పరాంకుశం గారి దగ్గరికి వెళ్ళారు. ఆయన ఖద్దరు చొక్కాలకు పేరున్న మనిషి. ఆ చొక్కాకు గంజి ఎంత గట్టిగా పెట్టించేవారంటే, ఆయన కుర్చీలోంచి లేచినా చొక్కా ఒక క్షణం ఆలస్యంగా లేచేది.

"మేడం, సంస్థాగత సంకల్పం ముందు వ్యక్తిగత ప్రయోగాలు నిలబడవు" అన్నారు ఆయన. "ఈరోజు రసాయన శాస్త్రానికి మినహాయింపు ఇస్తే, రేపు దంత వైద్యశాల కట్టుడు పళ్ళకు అడుగుతుంది."

"సార్, మేము పాలిమర్‌ను అట్లే వాడం. పిండి పదార్థం దాన్ని పూర్తిగా చుట్టుకుంటుంది. ప్లాస్టిక్ గురించి మీరు పడే బాధకు పనికొచ్చే పనే ఇది" అన్నారు మేడం.

"పూర్తిగా చుట్టుకుంటుందా?"

"పూర్తిగా."

"అంటే పైన ఉన్నది పిండి. ప్లాస్టిక్ లోపల ఉంటుంది. పైకి కనిపించదు."

"కనిపించదు సార్" అన్నాను నేను. అడిగినదానికి జవాబు చెప్పాలి కదా అని.

పరాంకుశం గారు కిటికీలోంచి బయటికి చూశారు. ఎదురుగా ఆడిటోరియం మెట్ల మీద ప్లాస్టిక్ కుర్చీలు కొండలా పేర్చి ఉన్నాయి. వాటిని ఎక్కడ దాచాలన్నదే అప్పటికి వారం రోజులుగా ఆయన బాధ. ఆయన కళ్ళు నెమ్మదిగా కుర్చీల మీదికీ, అక్కడి నుంచి తన చొక్కా కాలరు మీదికీ వచ్చాయి.

మర్నాడు ఉత్తర్వు వెలువడింది. "రసాయన శాస్త్ర విభాగపు పరిశోధనల వెలుగులో, పిండి పదార్థ పరివేష్టితములైన వస్తువులు ప్లాస్టిక్ నిర్వచన పరిధిలోనికి రావని ఇందుమూలముగా తెలియజేయడమైనది. కావున సమస్త విభాగాధిపతులు తమ అధీనములోని వస్తువులకు తక్షణమే గంజి పెట్టించి, పూర్తయినట్టు నివేదిక పంపవలెను."

నేను పడుగుకు గంజి పెట్టే ఇంట్లో పుట్టిన పిల్లను. గంజి ఏం చేస్తుందో, ఏం చేయదో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. దారానికి పెడితే నేత అయ్యేదాకా ఉంటుంది. ఒక్కసారి నీళ్ళలో ముంచితే ఏట్లో కలుస్తుంది. కానీ ఉత్తర్వులో 'తక్షణమే' అని ఉన్నప్పుడు ఇలాంటి మాటలు ఎవరికి చెప్పాలో తెలియదు.

పని మొదలైంది. హాస్టల్ మెస్సుల్లో ఆవిరి మీద అన్నం వండడం నిషేధించారు. పెద్ద గుండిగల్లో ఉడికించి వార్చాలి. వార్చిన గంజి మీద సర్వహక్కులూ విశ్వవిద్యాలయానివి. పాలనాశాస్త్రం ప్రొఫెసర్ ఒకాయనను 'పరివేష్టన ప్రత్యేకాధికారి'గా వేశారు. ఆయన రోజూ పొద్దున్నే మెస్సుకు వచ్చి, గంజిలో వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య సాగదీసి చూసి, "సంతృప్తికరం" అనేవారు. కుర్చీలను గంజిలో ముంచి ఆటస్థలంలో వరసగా ఆరబెట్టారు. నీళ్ళ ట్యాంకులకు నిచ్చెన వేసి చీపుళ్ళతో పూశారు. తర్వాత పైపులు, ఫ్యాను రెక్కలు, కంప్యూటర్ల కీబోర్డులు. కీబోర్డు మీద 'అ' నొక్కితే పక్కనున్నవన్నీ కలిసి దిగేవి. గుర్తింపు కార్డులు కూడా ముంచి ఇచ్చారు. బస్సులో ఒకమ్మాయి కార్డు ఇంకొకమ్మాయి జడకు అంటుకుని, ఇద్దరూ ఒకే హాస్టల్లో దిగాల్సి వచ్చింది.

రెండు రోజులకు చీమలు వచ్చాయి. మూడో రోజుకు పులిసిన వాసన. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళ మేకలు వచ్చి కుర్చీలను శ్రద్ధగా నాకడం మొదలుపెట్టాయి. మేక నాకిన కుర్చీ మళ్ళీ ప్లాస్టిక్ అవుతుంది కాబట్టి, హుసేనప్పను గేటు నుంచి తీసి మేకల మీద వేశారు. కర్ర పట్టుకుని కుర్చీల మధ్య తిరుగుతూ అతను నన్ను చూసి అరిచాడు: "సూడు మ్మా నా గతి! గుండీలు పీక్కుంటా మేలుగుంటి!"

గంజి అంతా కుర్చీలకే పోవడంతో చాకలి వాళ్ళకు చుక్క మిగల్లేదు. పరాంకుశం గారి ఖద్దరు చొక్కా తొలిసారి మామూలు బట్టలా కిందికి వేలాడింది. ఆ త్యాగాన్ని ఆయన సిండికేట్ సమావేశంలో ప్రస్తావించారని విన్నాను.

మేడం మళ్ళీ రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్ళారు. నేను వెనక.

"మీ సీసా లోపలి పదార్థం ఇంకా పరివేష్టితం కాలేదు మేడం. చేసి తీసుకువెళ్ళండి."

"చేయాలంటే ముందు సీసా కావాలి సార్."

"సీసా కావాలంటే ముందు పరివేష్టితం కావాలి." ఆయన కాస్త ఆలోచించి, దయగా అన్నారు: "పోనీ, హుసేనప్పతో చెప్పి లోపల ఒక గరిటెడు గంజి పోయిస్తాను."

"అయ్యో, వద్దు సార్!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. గంజి కలిస్తే ఆ పాలిమర్‌తో ఇక ఏదీ నిరూపించలేను. మళ్ళీ తెప్పించేలోగా నెల దాటుతుంది. సబ్బు.

మేడం ఓపికగా కాగితం మీద బీరతీగ వేసి, పెరుగుతూ చుట్టుకోవడం వేరు, పైన పూయడం వేరు అని చెప్పారు. ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశారు.

"కూరగాయల విషయాలు ఉద్యానవన విభాగానికి పంపండి. మాకు కావలసింది ఒక నిపుణుల ధ్రువపత్రం. గంజి పూసిన ప్లాస్టిక్, ప్లాస్టిక్ కాదు అని. తనిఖీ రోజున మండలి ముందు ఆ మాట మీరు చెబితే, సాయంత్రానికల్లా సీసా మీ బల్ల మీద ఉంటుంది. ఈ అమ్మాయి కష్టం మాకు తెలియదా?"

బయట వరండాలో నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అడగకూడదనుకుంటూనే అడిగాను. "ఒక్క మాటే కదా మేడం."

ఆమె కోప్పడలేదు. "ఆ సంతకం పెట్టిన చేత్తోనే నీ గ్రంథం మీద కూడా పెట్టాల చౌడేశ్వరీ" అన్నారు. తర్వాత, "ఏడవాకు. పోయి దుంపలు మొలకలొచ్చినాయేమో చూడు పో."

మొలకలు వచ్చాయి. పారేసి కొత్తవి తెచ్చాను.

తనిఖీ రోజున ఆడిటోరియం ముందు షామియానా వేశారు. మా సీమ ఎండ సంగతి తెలిసిందే. మండలి అధ్యక్షులు గరుడాచలం గారు, సభ్యులు, మా అధికారులందరూ గంజి కుర్చీల్లో కూర్చున్నారు. చెమటకు గంజి కరిగి, గాలికి ఆరి, మళ్ళీ కరిగి, ప్రార్థనా గీతం అయ్యేసరికి మనిషీ కుర్చీ ఒకటైపోయారు. జ్యోతి ప్రజ్వలన కోసం గరుడాచలం గారు లేవబోతే కుర్చీ కూడా లేచింది. పక్కవాళ్ళు ఇద్దరు కుర్చీ కాళ్ళు చెరొకటి పట్టుకుని లాగారు. చిరిగిన చప్పుడు వినిపించింది. ఆయన ఏమీ జరగనట్టు వెనక్కి తిరగకుండా దీపం దాకా నడిచి, తిరగకుండానే వెనక్కి వచ్చారు.

పరాంకుశం గారు ఉపన్యసించారు. "ప్లాస్టిక్‌ను తొలగించిన సంస్థలు అనేకం ఉన్నాయి. ప్లాస్టిక్‌ను అలాగే ఉంచి, దాని ఉనికిని తొలగించిన సంస్థ మాదొక్కటే!"

చప్పట్లు కొట్టారు. కొట్టిన చేతులు కొన్ని విడిపోవడానికి సమయం పట్టింది.

"అద్భుతం" అన్నారు గరుడాచలం గారు. "ఇది దేశమంతటా అమలు కావలసిన నమూనా. సముద్రాలున్నాయి, నదులున్నాయి. ఎంత గంజి అవసరమవుతుందో అంచనా వేయాలి. దీని వెనక ఉన్న శాస్త్రవేత్త ఎవరు?"

అందరూ మేడం వైపు చూశారు. పరాంకుశం గారు చిరునవ్వుతో మైకు అందించారు. నేను చివరి వరసలో రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆమె 'అవును' అంటే సాయంత్రానికి సీసా. ఆమె 'అవును' అనాలని కోరుకున్నానో లేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

మేడం మైకు పక్కన పెట్టారు. తన ముందున్న మంచినీళ్ళ గ్లాసులో చేతిరుమాలు ముంచి పిండారు. లేచి, తను కూర్చున్న కుర్చీ చేతిని ఒక్కసారి గట్టిగా తుడిచారు. తెల్లటి పొర కింద ఎర్రగా, మెరుస్తూ కుర్చీ బయటపడింది.

"ప్లాస్టిక్ సార్" అన్నారు. "మొన్నా ప్లాస్టిక్కే, ఇప్పుడూ ప్లాస్టిక్కే. నడుమ రవ్వంత అన్నం తగిలింది, అంతే. పిల్లలకు పోవాల్సిన గంజి."

దూరంగా హుసేనప్ప మేకలను "హెయ్" అని అదిలించడం వినిపించింది.

గరుడాచలం గారు తుడిచిన చోటును చాలాసేపు పరీక్షగా చూశారు. శాస్త్రీయ దృక్పథం ఉన్న మనిషి. చివరికి రిజిస్ట్రార్ వైపు తిరిగి అడిగారు: "ఈ ప్రాంగణంలో తడిగుడ్డలకు అనుమతి ఉందా?"

"ఈ క్షణం నుంచి లేదు సార్" అన్నారు పరాంకుశం గారు.

మాకు మొదటి ర్యాంకు వచ్చింది.

మేడంకు ఆ సాయంత్రమే మెమో వచ్చింది. నిషిద్ధ పాలిమర్‌ను ప్రాంగణంలోకి రప్పించడం ఒక ఆరోపణ. అతిథుల సమక్షంలో సంస్థ ఆస్తిపై నీటిని ప్రయోగించడం రెండోది. విచారణకు ఆదేశించారు. నెలాఖరు వచ్చింది. వీడ్కోలు సభ రద్దయింది. ఆమె కోసం చెప్పిన పూలదండను ర్యాంకు ఫలకానికి వేశారు. నేను అమ్మకు ఫోన్ చేసి, ఇంకొన్నేళ్ళు పడుతుందని చెప్పాను. ఆవిడ "పోగు తెగితే ముడేసుకుంటాం గదా మ్మే, అన్నం తిను" అంది.

మర్నాడు సబ్బుల సారును కలవడానికి వెళ్తూ, ఊరికే మా ప్రయోగశాల వైపు చూశాను. తలుపు తీసి ఉంది. మేడం లోపల ఎప్పటిలాగే అద్దాలు పైకి తోసుకుని ఏదో చదువుకుంటున్నారు.

"మేడం! మీరు నిన్న రిటైరయినారు కదా?"

"యాడ రిటైరయినా? విచారణ తెగేదాకా ఉద్యోగిని రిలీవ్ చేయగూడదు. ఎనిమిదో నిబంధన. రిలీవ్ కాకపోతే గైడుగా కొనసాగొచ్చు. తొమ్మిదో నిబంధన."

"ఇవన్నీ మీకెట్లా తెలుసు?"

"ఆ నిబంధనలు రాసిన కమిటీలో నేనూ ఉంటిని కదా. వద్దని మొత్తుకుంటే ఎవరూ వినల్యా."

నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. "అయితే మేడం, ఆ రోజు కుర్చీ తుడిచేటప్పుడు..."

"దుంపలు కడిగినావా?" అన్నారు ఆమె, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

విచారణాధికారి చాలా నిక్కచ్చి మనిషి. మొదటి ఆరోపణకు సాక్ష్యం సీసాయే కాబట్టి, దాన్ని డ్రమ్ములో ఉంచడం నేరమన్నారు. తగిన ప్రయోగశాలలో భద్రపరచాలన్నారు. రసాయన ప్రయోగశాల మాదే. హుసేనప్ప సీసాను రెండు చేతులతో తెచ్చి నా బల్ల మీద పెట్టి, "సాక్ష్యం మ్మా. పగలగొడ్తే మనిద్దరం జైలుకే" అని నవ్వాడు. ఆ పదార్థాన్ని పిండి పదార్థం నిజంగా చుట్టుకుంటుందో లేదో ప్రయోగపూర్వకంగా తేల్చి నివేదిక ఇవ్వాలని కూడా ఉత్తర్వు వచ్చింది. నన్ను పేరు పెట్టి ఆదేశించారు. విశ్వవిద్యాలయం నన్ను ఏదైనా పనికి పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

దుంపలు రుబ్బాను. రసం వడగట్టాను. పాలిమర్‌ను నీళ్ళలో ఉంచి, చక్కెరా ఎంజైమూ కలిపాను. తేటగా ఉన్న ద్రవం మెల్లగా మసకబారి, పాలలా తెల్లబడి, అడుగున మెత్తటి పొడి పేరింది. దాన్ని నీళ్ళతో కడిగాను. మళ్ళీ కడిగాను. ఎంత కడిగినా చుట్టుకున్నది విడిపోలేదు. పరీక్షల్లోనూ అదే తేలింది. మేడం ఆ పొడిని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశారు. "బాగుంది" అని మాత్రం అన్నారు. ఆ విచారణ నివేదికే నా చివరి అధ్యాయం.

ఇప్పుడు నేను డాక్టర్ చౌడేశ్వరిని. ఒక చిన్న ఊరి కాలేజీలో పాఠం చెబుతాను. బోర్డు మీద బీరతీగ బొమ్మ వేస్తాను, మేడం వేసినంత బాగా కుదరదు.

విచారణ ఇంకా నడుస్తూనే ఉంది. నివేదిక పెట్టవలసిన ఫైలుకు ప్లాస్టిక్ క్లిప్పు ఉందని ఒకసారి, క్లిప్పుకు పెట్టిన గంజి కాగితాలను అతికించేసిందని ఒకసారి వెనక్కి వచ్చింది. అందువల్ల మేడం ఉద్యోగంలోనూ లేరు, రిటైరూ కాలేదు. జీతం లేదు, పింఛనూ లేదు. నాతో ఆగకుండా, నా తర్వాత సబ్బుల దారి పట్టవలసిన మరో ఇద్దరు పిల్లలను తన కింద రాయించుకున్నారని ఈ మధ్య తెలిసింది. విచారణ తెగకూడదని ఆ పిల్లలు మొక్కుకుంటున్నారట. ఆమె రోజూ వెళ్ళి తలుపు తీస్తున్నారు.

మీరు ఎప్పుడైనా, ఏ ఆఫీసులోనైనా, ఏ సభలోనైనా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నప్పుడు, అరచేతికి కాస్త జిగురుగా తగిలితే తిట్టుకోకండి. చేతిరుమాలు ఉంటే తడిపి, ఎవరూ చూడకుండానైనా సరే, ఒకసారి తుడవండి. తుడిచేటప్పుడు మా వకుళాదేవి మేడంను తలచుకోండి.